గణాలు లెక్కపెడితే కవిత్వం చావదు

కవిత్వాన్ని అనుభవించాలి గానీ గణాలు లెక్కపెట్టకూడదనే మాట మన సాహిత్య సభల్లో దాదాపు సిద్ధాంతమైపోయింది. దానికి తోడుగా మరో మూడు మాటలు వినిపిస్తుంటాయి. ఛందస్సు కవి కాళ్ళకు వేసిన సంకెల అన్నది ఒకటి. యతిప్రాసలు, పునరుక్తులు అర్థంతో నిమిత్తం లేని పైపై సొమ్ములన్నది రెండోది. వచన కవిత వచ్చాక ఈ లెక్కలన్నిటికీ కాలం చెల్లిందన్నది మూడోది. ఇలా అంటున్నవారిలో మంచి కవులున్నారు, శ్రద్ధగల పాఠకులున్నారు. కవిత్వం మీద ప్రేమతోనే అంటున్నారు. అయినా ఈ మాటలు నిలబడేవి కావు. పైగా తెలుగు పాఠకుడి చెవిని మొద్దుబారుస్తున్నాయి. అందుకే వీటిని ఊరికే వదిలేయకూడదు.

ఈ అభిప్రాయం గాలిలోంచి పుట్టలేదని ముందే ఒప్పుకోవాలి. పదో తరగతి పరీక్షలో ఒక పద్యపాదం ఇస్తారు. గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, అది ఏ పద్యమో రాస్తే మార్కులు పడతాయి. ఆ పాదం ఏం చెబుతోందో, ఆ చెప్పడానికి ఆ నడక ఎలా సాయపడిందో ఎవరూ అడగరు. పెద్దల విమర్శలోనూ చాలాకాలం యతిభంగాలూ ప్రాసభంగాలూ ఏరడమే పాండిత్యంగా చెలామణి అయింది. లెక్క దగ్గరే ఆగిపోయే ఇలాంటి చదువు మీద కోపం రావడం న్యాయమే. ఆ కోపాన్ని లెక్క మీదికే మళ్ళించడం మాత్రం అన్యాయం.

లెక్క దాటి ఒక అడుగు వేస్తే ఏం కనిపిస్తుందో చూద్దాం. ఈ వ్యాసం కోసం కట్టిన పాదం ఇది: ‘వాన వెలిసెను పొలమెల్ల పచ్చబారె’. తేటగీతి. ‘వాన’ సూర్యగణం. ‘వెలిసెను’, ‘పొలమెల్ల’ ఇంద్రగణాలు. ‘పచ్చ’, ‘బారె’ మళ్ళీ సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద ఉంది: ‘వా’కూ ‘ప’కూ మైత్రి కుదిరింది. పరీక్షకు ఇంత చాలు. ఇప్పుడు ఒక్క మాట మార్చండి: ‘వాన వచ్చెను పొలమెల్ల పచ్చబారె’. గణాలు కుదిరాయి, యతి కుదిరింది, ఇదీ తేటగీతే. పరీక్షలో రెండిటికీ ఒకే జవాబు.

చెవికి మాత్రం ఇవి రెండూ ఒకటి కావు. మొదటి పాదంలో రెండో గణం మొత్తం నాలుగు లఘువులు. ‘వెలిసెను’ అనే మాట నాలుక మీద ఎక్కడా నిలవకుండా జారిపోతుంది. వాన వెళ్ళిపోతోందన్న అర్థానికి ఆ జారుడు కలిసొచ్చింది. రెండో పాదంలో ‘వచ్చెను’ గురువుతో మొదలవుతుంది. ద్విత్వం దగ్గర నాలుక ఒక్క క్షణం ఒత్తి నిలబడుతుంది. అదే ద్విత్వం ‘పచ్చ’లో మళ్ళీ తగులుతుంది. వాన రావడాన్నీ పొలం పచ్చబడడాన్నీ ఒకే శబ్దం ముడివేసింది. కారణమూ ఫలితమూ అని విడిగా చెప్పనక్కర లేకుండా చెవే ఆ సంబంధాన్ని పట్టుకుంది. ఈ తేడా గణవిభజన చేయకపోయినా లీలగా తెలుస్తుంది. ఎందుకు తెలిసిందో చెప్పాలంటే గణవిభజన కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: లఘువులన్నీ జారుడుకే గుర్తా, గురువులన్నీ బరువుకే గుర్తా అని. కాదు. శబ్దానికి తనంతట తానుగా అర్థం లేదు. అర్థం ఒక దారి చూపిస్తే శబ్దం ఆ దారిలో తోడు నడుస్తుంది, లేదా అడ్డం తిరుగుతుంది. నాలుగు లఘువులు ఒక పద్యంలో పరుగు కావచ్చు, మరో పద్యంలో వణుకు కావచ్చు. ఏది ఎక్కడ ఏమైందో తేల్చడమే విశ్లేషకుడి పని. ఆ పని చేతకానప్పుడు తప్పు అతనిదే అవుతుంది గానీ ఛందస్సుది కాదు.

ఇక సంకెల సంగతి. పై పాదాన్నే ‘వాన వెలిసెను పొలమెల్ల తడిసిపోయె’ అని రాసి చూడండి. గణాలు సరిపోతాయి, యతి చెడుతుంది. ‘వా’కూ ‘త’కూ మైత్రి లేదు. వాన అనగానే ఎవరికైనా మొదట తోచే మాట ‘తడిసిపోయె’. యతి దాన్ని ఒప్పుకోలేదు. ఇంకో మాట వెతుక్కోమంది. వెతికితే దొరికింది ‘పచ్చబారె’. తడవడం కళ్ళముందు జరిగేది, పచ్చబారడం నాలుగు రోజుల తర్వాత కనిపించేది. నియమం కవిని మొదట తట్టిన మాట దగ్గర ఆపి, ఇంకాస్త దూరం చూడమంది. అన్నిసార్లూ ఇంత మేలు జరగదు. యతి కోసం చొప్పించిన వ్యర్థపదాలు మన కావ్యాల్లో కొల్లలుగా ఉన్నాయి. అది నియమాన్ని వాడుకోలేని కవి లోపం. నియమమే లేని చోట కూడా వ్యర్థపదాలు వేసే కవులకు కొదవ లేదు.

సంకెల అనేవారు మరో మాట కూడా అంటారు: ఇదంతా సంస్కృతం నుంచి తెచ్చి తెలుగు మీద రుద్దిన వ్యవహారమని. శిలల మీద ఉన్న సాక్ష్యం ఇందుకు ఎదురు చెబుతోంది. 9వ శతాబ్దికి చెందిన పండరంగని అద్దంకి శాసనంలో ఉన్నది తరువోజ. 10వ శతాబ్దికి చెందిన యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో ఉన్నవి మధ్యాక్కరలు. రెండూ దేశి ఛందస్సులే. నన్నయ భారతానికి ముందే ఇవి రాళ్ళకెక్కాయి. ఉత్పలమాల, శార్దూలం వంటి వృత్తాలు సంస్కృతం నుంచి వచ్చిన మాట నిజమే. వాటిని కూడా మనవాళ్ళు ఉన్నవి ఉన్నట్టు తీసుకోలేదు. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట ఆగాలి. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి, మాట ఆగనక్కర లేదు, ధ్వని పలకాలి. పాదం రెండో అక్షరం మీద నిలిచే ప్రాస సంస్కృత వృత్తాల్లో నియమం కాదు. తెలుగు వృత్తాల్లో తప్పనిసరి. కన్నడంలోనూ తమిళంలోనూ ఈ రెండో అక్షరపు ప్రాస ఉంది. అంటే పైనుంచి వచ్చిన వృత్తానికి ఈ నేల తన చెవిని అమర్చింది. రుద్దించుకున్నవాళ్ళు చేసే పని కాదది.

ఛందస్సు పైవర్గాల ఆస్తి అన్న వాదన కూడా చరిత్ర ముందు నిలవదు. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాయాలని పట్టుబట్టింది సామాన్యుల నోట ఆడాలనే. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అలాంటి రెండు పాదాలు కలిస్తే ద్విపద. పాడుకోవడానికీ గుర్తుంచుకోవడానికీ అంతకంటే తేలిక కొలత దొరకదు. తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణానికి ఎంచుకున్నది మంజరీ ద్విపద. అంటరానితనాన్ని నిలదీసిన జాషువా ‘గబ్బిలం’ పద్యకావ్యం. నిజాం పాలన మీద కత్తి దూసిన దాశరథి ‘అగ్నిధార’లోనూ పద్యాలున్నాయి. అణచివేతకు గురైనవాడు పద్యాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఆయుధమైంది. సంకెల అని కొట్టిపారేస్తే ఈ కవులు చేసిన పని విలువ మనకు అందదు.

యతిప్రాసలు, పునరుక్తులు పైపై సొమ్ములనే రెండో మాటకు వద్దాం. జవాబు వేమన దగ్గరే ఉంది. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో, నాలుగో పాదాలకు ఐదూ సూర్యగణాలే. సూర్యగణానికి 3 మాత్రలు, ఇంద్రగణానికి 4 లేదా 5. కాబట్టి బేసి పాదం 17 నుంచి 19 మాత్రలు సాగుతుంది, సరి పాదం 15 మాత్రలకే ముగుస్తుంది. సాగిన పాదం వెంటనే కురచ పాదం. ఒక మాట చెప్పి టక్కున తేల్చేసే నడక అది. సామెత నడక కూడా అదే. తేటగీతిలో ఈ హెచ్చుతగ్గులు లేవు. నాలుగు పాదాలూ ఒకే కొలతలో 17 నుంచి 19 మాత్రల మధ్య పారుతాయి. అందుకే కథ నడిపేందుకు అది ఒదుగుతుంది. నిక్కచ్చిగా మాట్లాడదలచిన వేమన ఆటవెలదిని పట్టుకోవడం కాకతాళీయం అనుకోను.

పైగా వేమన నాలుగో పాదాన్ని పూర్తిగా మకుటానికి ఇచ్చేశాడు. వేల పద్యాలకు అదే చివరి పాదం. పైపైన చూస్తే నాలుగో వంతు పద్యం వృథా. లోపలికి చూస్తే ఆ పునరుక్తే పద్యం ఆకృతిని నిర్ణయించింది. చెప్పదలచినదంతా మూడు పాదాల్లో తేలిపోవాలి. చాలా పద్యాల్లో రెండు పాదాలు ఉదాహరణలు చూపిస్తాయి, మూడోది దెబ్బ కొడుతుంది. దెబ్బ పడ్డాక అందరికీ తెలిసిన మకుటం వస్తుంది. కొత్త అర్థం ఏమీ లేని ఆ పాదం నడుస్తున్నంతసేపూ మూడో పాదం వినేవాడి లోపల మోగుతుంటుంది. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాల్ని అచ్చు వేయించడానికి ముందు అవి తరాల తరబడి జనం నోట బతికాయంటే ఈ కట్టడం బలం ఎంతో ఊహించుకోవచ్చు.

ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం వృత్త శతకాల్లో ఉంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది. మిగిలిన 19 అక్షరాల నడక రెండిటిలోనూ ఒకటే. శార్దూలం మొదటి గురువును అలాగే విడగొడితే మత్తేభం. మిగిలిన 18 అక్షరాలూ ఒకటే. ఆరంభంలో తప్ప తేడా లేని జంటలివి. అందుకే ఒకే మకుటం రెండిటి చివరా అతుకుతుంది. ధూర్జటి శతకంలో స్వామిని పిలిచే ‘శ్రీకాళహస్తీశ్వరా’ అన్న సంబోధన 7 అక్షరాలు. ఆ గురులఘువుల వరుస శార్దూల మత్తేభాల తోకకు సరిగ్గా సరిపోతుంది, ఉత్పల చంపకాలకు సరిపోదు. ఆ పేరును మకుటంగా ఎంచుకున్న క్షణానే శతకం ఛందస్సు ఖాయమైపోయింది.

ఇంకా చూడండి. 19 అక్షరాల శార్దూలంలో యతిస్థానం 13వ అక్షరం. మకుటం మొదలయ్యేదీ 13వ అక్షరం దగ్గరే. మత్తేభంలో రెండూ 14వ అక్షరం దగ్గర కలుస్తాయి. అంటే ‘శ్రీ’ అనే అక్షరం కచ్చితంగా యతి మీద పడుతుంది. కాబట్టి ప్రతి పద్యంలో నాలుగో పాదం ‘శ్రీ’తో మైత్రి కుదిరే అక్షరంతోనే మొదలుకావాలి. దాశరథీ శతకంలోనూ ఇదే అమరిక. అక్కడి మకుటం 11 అక్షరాలు. ఉత్పలమాలలో 10వ అక్షరమైన యతిస్థానం నుంచి పాదాంతం వరకు అదే పరుచుకుంటుంది. ‘దా’తో పలికే అక్షరంతో నాలుగో పాదం ఎత్తుకోక తప్పదు. భక్తుడు ఎంత ఆగ్రహించినా, ఎంత మొరపెట్టుకున్నా, నాలుగో పాదం ఎత్తుకోగానే అతని నోట దేవుడి పేరులోని ధ్వనే పలుకుతుంది. పేరు ఇంకా రాకముందే ఆ పేరు లాగుతున్న లాగుడు మొదలవుతుంది. యతి, గణం, పునరుక్తి మూడూ కలిసి చేసిన పని ఇది. పైపై సొమ్ము అనేవారు ఈ పనిని భావం నుంచి ఎలా విడదీస్తారో చూపించాలి.

పునరుక్తి దోషమన్న పాత మాటను ఇప్పటి కవులు కూడా యథాతథంగా ఒప్పచెబుతుంటారు. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పొద్దని కొత్తవాళ్ళకు సలహా ఇస్తారు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళను వినండి. ఒకామె పాట ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. ‘ఉయ్యాలో’ అనే మాట పదేపదే వస్తుంది. ఆ మాట చప్పట్లకు అడుగు, ముందు పాడే ఆమెకు తర్వాతి మాట గుర్తుచేసుకునే వ్యవధి, పాట రానివాళ్ళకు పాటలోకి ద్వారం. అది తీసేస్తే మిగిలేది ఒకరి కథనం. ఉంటేనే అది నలుగురి పాట. ఉద్యమ గీతాల పల్లవులు చేసిన పనీ ఇదే. దోషమయ్యేది పని లేని పునరుక్తి. పని ఉందో లేదో తెలియాలంటే మళ్ళీ విశ్లేషణే దిక్కు.

మూడో మాట అన్నిటికంటే ఎక్కువ చెలామణిలో ఉంది: వచన కవితకు లయ లెక్కలతో పనిలేదని. ఆధునికుల చేతిలో ఏం జరిగిందో ముందు చూద్దాం. 1910లో గురజాడ ముత్యాల సరాలు రాసినప్పుడు వృత్తాల్ని పక్కనపెట్టారు గానీ కొలతను పక్కనపెట్టలేదు. మూడు, నాలుగు మాత్రల మిశ్రగతిని పట్టుకున్నారు. 1928లో ‘ప్రభవ’ పద్యాలు ప్రచురించిన శ్రీశ్రీ ఆ తర్వాత పద్యాన్ని వదిలి మాత్రా ఛందస్సులోకి నడిచారు. ‘మహాప్రస్థానం’లో ఎక్కువ గీతాల బలం ఆ అడుగుల దరువే. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో పద్యం మీద యుద్ధం ప్రకటించిన పఠాభి పుస్తకం నిండా శబ్దంతో ఆటలాడారు. వీళ్ళెవరూ చెవిని వదిలేయలేదు. పాత కొలత చాలక కొత్త కొలత వెతుక్కున్నారు. చేకూరి రామారావు వంటి భాషాశాస్త్రవేత్త వచన పద్యానికి లక్షణ చర్చ అవసరమనుకోవడంలోనే ఈ సత్యం ఉంది.

సిసలైన వచన కవితనే తీసుకుందాం. గణాలు లేవు, యతి లేదు. ఇవీ ఇక్కడి కోసం రాసిన పంక్తులే:

ఊరుంది.
ఊళ్ళో ఇల్లుంది.
ఇంట్లో పొయ్యుంది.
పొయ్యిలో పిల్లి ఉంది.

లయ లేదనేవారు ఇందులో నాలుగు చిన్న వాక్యాలు మాత్రమే చూస్తారు. ఒక పంక్తిలో వచ్చిన పేరు తర్వాతి పంక్తికి ఎత్తుగడ అయింది. ఊరు నుంచి ఇల్లు, ఇల్లు నుంచి పొయ్యి. దీని దగ్గరి బంధువును మన ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. చూపు బయటినుంచి లోపలికి మెట్టు మెట్టుగా దిగుతోంది. ప్రతి పంక్తి చివరా ‘ఉంది’ అనే మాట పడుతోంది. మూడుసార్లు అది కలిమిని చెప్పింది. నాలుగోసారి అదే మాట లేమిని చెప్పింది. పొయ్యిలో పిల్లి ఉందంటే పొయ్యి రాజుకోలేదని తెలుగువాడికి విడమర్చనక్కర లేదు. పైగా మొదటి మూడు పంక్తుల్లో ‘ఉంది’ ముందు మాటతో సంధి కలిసి దొర్లిపోయింది. నాలుగో పంక్తిలో ‘పిల్లి ఉంది’ అని విడిగా నిలబడింది. ఆ చిన్న ఎడం దగ్గరే దెబ్బ పడింది. అక్కడ ‘పొయ్యిలో పిల్లే మిగిలింది’ అని రాసి చూడండి. భావం అదే, దెబ్బ లేదు. పునరుక్తిని లెక్కపెట్టకుండా ఈ తేడాను ఎవరైనా వివరించగలరా?

ఛందస్సు లేని చోట లయ బాధ్యత కవికి తగ్గదు, పెరుగుతుంది. పద్యకవికి సగం నడక ఛందస్సే సమకూర్చి పెడుతుంది. వచన కవి ప్రతి కవితకూ కొత్త నడక కట్టుకోవాలి. పంక్తి ఎక్కడ విరవాలి, ఏ మాట మళ్ళీ రావాలి, ఏ మాట ఇంకోసారి వస్తే విసుగు పుడుతుంది అన్నవన్నీ తనే తేల్చుకోవాలి. లయతో పనిలేదని నమ్మిన కవి వచనాన్ని ముక్కలు విరిచి కింద కింద పేరుస్తాడు. పత్రికల్లో అచ్చవుతున్న కవితల్లో పంక్తులన్నీ కలిపేసి చదివినా ఏ నష్టమూ కలగనివి ఎన్ని ఉన్నాయో పాఠకులు స్వయంగా పరీక్షించి చూడవచ్చు.

చివరిగా, విశ్లేషిస్తే రసం చస్తుందన్న భయం. తాళం వేస్తూ కచేరీ వినే శ్రోతను చూడండి. ఆవర్తం ఎక్కడ ముగుస్తుందో అతనికి తెలుసు. గాయకుడు ఎడుపు మీద సరిగ్గా వచ్చి వాలినప్పుడు అతని ఆనందం రెట్టింపవుతుంది. తెలియనివాడికి ఆ వాలడం వినిపించదు. కవిత్వంలోనూ అంతే. ధూర్జటి మకుటం యతి మీద వాలుతోందని తెలిసినవాడికి ఆ శతకం ఒక ఆనందం ఎక్కువే ఇస్తుంది. కవిత కట్టడం తెలిస్తే చచ్చిపోయే రసం అసలు ఆ కవితలో ఉండి ఉండదు. ఇన్ని శతాబ్దాల గణవిభజనను తట్టుకుని పోతన పద్యం నేటికీ ఇళ్ళలో వినిపిస్తూనే ఉంది.

కాబట్టి తెలుగు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. గణవిభజన మానవద్దు. దాని కింద ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: ఈ భావానికి ఈ నడక ఏం చేసింది? ఈ మాట మళ్ళీ ఎందుకు వచ్చింది? పిల్లలు తప్పు జవాబులు రాసినా ఫర్వాలేదు, చెవి ఒగ్గి చదివిన వాళ్ళవుతారు. విమర్శకులకు మనవి: వచన కవితను సమీక్షించేటప్పుడు వస్తువు గురించి పది వాక్యాలు రాస్తే నడక గురించి రెండు వాక్యాలైనా రాయండి. కవులకు చెప్పేది ఒక్కటే: మీ కవితను పైకి చదివి వినండి, ఎక్కడ తూగు తప్పిందో లెక్కగట్టండి. అర్థంలో సగం ఆ తూగులోనే ఉంది. దాన్ని వదిలేసి కవిత్వం చదివామని చెప్పుకునే హక్కు మనకు లేదు.